నా పేరులోని దీర్ఘం

మా పెరట్లో నూతి పక్కనున్న పారిజాతం చెట్టు నాకంటే పదకొండేళ్ళు పెద్దది. 1950లో మా నాయనమ్మ తన పుట్టింటి నుంచి తడి గోనెగుడ్డలో వేళ్ళు చుట్టి, ఏటిపాయ దాటి, ఎడ్లబండిలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన జానెడు మొక్క అది. ఆవిడ పుట్టిల్లు దివిసీమలో, కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవికి దగ్గరలో ఉండేది. మెట్టినిల్లు, అంటే మా ఊరు, కూచిపూడికి నాలుగు మైళ్ళు. ఈనాటి లెక్కలో ఆ రెండు ఊళ్ళ మధ్య దూరం ఏమంత కాదు గానీ, ఏడాదికి ఒకటి రెండు సార్లు తప్ప పుట్టింటి గుమ్మం తొక్కడానికి వీలుపడని ఆ రోజుల్లో అది చాలా దూరమే. ఆ మొక్కను నాటిందీ, నూతి దగ్గర వాడిన నీళ్ళన్నీ దాని పాదులోకే పారేటట్టు చిన్న కాలువ తీసిందీ నాయనమ్మే. నేను పుట్టేనాటికి అది ఇంటి చూరును దాటి ఎదిగింది.

నేను 1961 అక్టోబరులో పుట్టాను. మా ఇంట్లో ఆడపిల్లలకు ఇలవేలుపు పేరో, కాలం చేసిన పెద్దల పేరో పెట్టడం ఆనవాయితీ. ఇరవైయొకటో రోజున బారసాలకు పళ్ళెంలో బియ్యం పోసి, నాన్న చేతికి ఉంగరం ఇచ్చి, ఏం పేరు రాయాలో చెప్పమని అందరూ ఎదురుచూస్తున్నప్పుడు, వీధి అరుగు మీద కూర్చున్న తాతయ్య లేచి లోపలికి వచ్చి, "పారిజాతం అని రాయరా" అన్నారట. అప్పటివరకూ ఆ పేరు ఎవరి నోటా రాలేదట. మా అమ్మమ్మకు అది నచ్చలేదు. ఒక్క రాత్రి పూసి తెల్లారేసరికి రాలిపోయే పువ్వు పేరు పసిపిల్లకు పెడతారా అని ఆవిడ బాధపడిందని అమ్మ చెప్పేది. దానికి తాతయ్య, "అమ్మా, ఇది పువ్వు పేరు కాదు, చెట్టు పేరు. అమృతం పుట్టిన చోటనే పుట్టిన చెట్టు. దానికి చావు లేదు" అని నెమ్మదిగా చెప్పారట. ఆ తరువాత అమ్మమ్మ మరి మాట్లాడలేదు. నాన్న బియ్యంలో నాలుగక్షరాలూ, చివర సున్నా చుట్టారు.

తాతయ్య ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నారు. చిన్నప్పుడు గురువుగారి దగ్గర అమరం, అంటే సంస్కృత నిఘంటువు అమరకోశం, వల్లె వేసిన తరం వారిది. వేసవి రాత్రుళ్ళు అరుగు మీద చాప పరిచి పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని ఒక్కొక్కరి పేరూ విప్పి చెప్పేవారు. మా చిన్నాన్న కూతురు మాలతి. మాలతి అంటే జాజి అనీ, సంస్కృతంలోని జాతి అనే మాటే మన నోట జాజి అయిందనీ ఆయన చెబితే, ఆ పిల్ల ఆ రాత్రంతా తన పేరును తానే పలుకుకుంటూ తిరిగింది. నా వంతు వచ్చేసరికి మాత్రం ఆయన గొంతు మారేది. "పంచైతే దేవతరవో మందారః పారిజాతకః" అని రాగం తీసి, దేవతల చెట్లు ఐదు అని చేతి వేళ్ళు ముడిచేవారు. మందారం, పారిజాతం, సంతానం, కల్పవృక్షం, హరిచందనం. ఐదింటిలో రెండో వేలు నాది. చాలా రోజుల వరకూ నా చూపుడువేలే పారిజాతమని నేను నమ్మాను.

తరువాత అసలు సంగతి మొదలయ్యేది. "పారం అంటే ఒడ్డు. ఒడ్డు గలది పారి. పారి అంటే సముద్రం. పారిలో జాతమైనది, అంటే సముద్రంలో పుట్టినది, పారిజాతం." ఈ నాలుగు మాటలనూ ఆయన ఒక్కొక్క మెట్టూ దిగుతున్నట్టు ఆగి ఆగి చెప్పేవారు. దేవతలూ రాక్షసులూ వాసుకిని తాడుగా, మందరగిరిని కవ్వంగా చేసుకుని పాలకడలిని చిలికినప్పుడు లక్ష్మి, చంద్రుడు, ఐరావతం, కామధేనువు పుట్టిన వరుసలోనే ఈ చెట్టూ పుట్టిందనీ, దాన్ని ఇంద్రుడు తన నందనవనంలో నాటుకున్నాడనీ చెప్పి, చివరికి పెరటి వైపు చెయ్యి చూపేవారు. "మీ నాయనమ్మ సముద్రం ఒడ్డు నుంచి వచ్చింది. ఆ చెట్టునూ అక్కడి నుంచే తెచ్చింది. నీకు నేను పుస్తకం చూసి పేరు పెట్టలేదమ్మా, పెరడు చూసి పెట్టాను." ఆ మాట వినడానికి నాయనమ్మ వంటింటి గడప దగ్గరకు వచ్చి నిలబడేదని నాకు చాలా కాలం తరువాత తట్టింది. అప్పట్లో ఆవిడ ఏదో పని మీద వచ్చిందనుకునేదాన్ని.

నాయనమ్మకు వ్యుత్పత్తులతో పని లేదు. తన పుట్టింట్లో దాన్ని పగడమల్లె అనేవారట. పగడం రంగు కాడ, మల్లె వంటి తెలుపు. చూసినది చూసినట్టు పెట్టుకున్న పేరు అది. అందుకే కాబోలు, ఇంట్లో అందరూ నన్ను పారిజాతం అని నోరారా పిలుస్తుంటే ఆవిడ మాత్రం ఒంటరిగా ఉన్నప్పుడు "పగడం" అని పిలిచేది. ఆ పిలుపు మా ఇద్దరిదే.

శ్రావణంలో మొదలై కార్తీకం దాటేవరకూ ఆ చెట్టు పూసేది. ఆ నెలల్లో నాయనమ్మ దినచర్య అంతా దాని చుట్టూనే తిరిగేది. పొద్దువాలాక చెట్టు కింద నేలను ఊడ్చి, పేడతో అలికి, అంచుల వెంట సన్నని ముగ్గు గీత లాగేది. దీపాలు పెట్టే వేళకు మొగ్గలు విచ్చడం మొదలయ్యేది. రాత్రి నూతి దగ్గరకు వెళితే చీకట్లో పువ్వు కనిపించేది కాదు గానీ వాసన మాత్రం ఎదురొచ్చేది. తెల్లవారుజామున, కోడి రెండోసారి కూసే వేళకు, నన్ను తట్టి లేపేది. లాంతరు తీసుకుని పెరట్లోకి వెళ్ళేసరికి అలికిన నేల మీద పూలు ఒత్తుగా పరుచుకుని ఉండేవి. అవి రాలుతున్న చప్పుడు వినిపిస్తుందని నాయనమ్మ అనేది. ఊపిరి బిగబట్టి వింటే నిజంగానే వినిపించేది. ఆకుల మీద ఒకసారి తగిలి, తరువాత నేలను తాకే రెండు మెత్తని చప్పుళ్ళు.

ఏరడానికీ ఒక పద్ధతి ఉండేది. రేకలు పట్టుకుంటే నలిగిపోతాయి కనుక కాడ దగ్గర పట్టుకుని ఎత్తాలి. ఒక్కొక్క పువ్వుకు ఆరు, ఏడు రేకలు, రేక చివర చిన్న గంటు, అన్నీ ఒకే వైపుకు కొంచెం మెలితిరిగి గాలిలో తిరగడానికి సిద్ధంగా ఉన్నట్టు కనిపించేవి. వెదురు సజ్జ నిండేసరికి నా బొటనవేలూ చూపుడువేలూ పసుపు, నారింజ కలిసిన రంగుకు తిరిగేవి. మల్లెలను కట్టినట్టు వీటిని మాల కట్టలేము. కాడ సన్నని గొట్టంలా ఉంటుంది కనుక సూదీ దారంతో ఒక పువ్వులోంచి ఇంకో పువ్వులోకి జొప్పించుకుంటూ పోవాలి. పొద్దెక్కితే వడిలిపోతాయి కనుక ఎండ రాకముందే ఆ పని అయిపోవాలి. ఆ మాల వేణుగోపాలస్వామి పటానికి వేసి, మిగిలినవి పాదాల దగ్గర పోసి, అప్పుడు నాయనమ్మ నాకు తన అర్థం చెప్పేది. "నేల మీద పడిన పువ్వు ఏదీ దేవుడికి పనికిరాదు పగడం. ఇదొక్కటే పనికొస్తుంది. దీన్ని ఎవరూ కోయనక్కర్లేదు, కొమ్మ వంచనక్కర్లేదు. వెళ్ళాల్సిన వేళ తెలుసుకుని తనంతట తాను దిగి వస్తుంది."

వడిలిన పూలను కూడా ఆవిడ పారేసేది కాదు. రేకలు తుంచి, కాడలను మాత్రం చేటలో పోసి నీడన ఆరబెట్టేది. నెల రోజులకు గుప్పెడు కాడలు పోగయ్యేవి. వాటిని నీళ్ళలో మరిగిస్తే కుంకుమపువ్వు కలిపిన పాల వంటి రంగు దిగేది. ఒకసారి నా కొయ్యబొమ్మకు తెల్ల నూలుగుడ్డ ముక్కను ఆ నీళ్ళలో ముంచి చీర చేసి ఇచ్చింది. ఎండలో ఆరేయవద్దని ఎంతో చెప్పింది, నేను వినలేదు. వారం తిరక్కుండానే రంగు వెలిసిపోయింది. ఆ పువ్వు ఎండకు ఆగదు, ఆ రంగు కూడా ఎండకు ఆగదని అప్పుడు తెలుసుకున్నాను. ఆ చిన్న గుడ్డ ముక్క ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది. మడత లోపలి గీతలో మాత్రం ఆ రంగు కొంచెం మిగిలింది.

కూచిపూడి దగ్గర పుట్టిన వాళ్ళకు పారిజాతం అంటే సత్యభామ గుర్తుకు రాకుండా ఉండదు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా ఊరి గుడి ముందు పందిరి వేసి భామాకలాపం ఆడారు. తెర మీదుగా సత్యభామ జడ వేలాడుతుంటే, తెర వెనకనున్నది మగవాడని తెలిసి కూడా జనమంతా ఆ జడనే చూస్తూ కూర్చున్నారు. ఆ ఆటను కూర్చిన సిద్ధేంద్రయోగి కాలం నుంచీ కూచిపూడి మగవాళ్ళే ఆడవేషాలు కట్టేవారు. నాకు మాత్రం ఆటంతా అయిపోయినా చెట్టు కనిపించలేదని బెంగ. తాతయ్య భుజం మీద నిద్రపోతూ ఇంటికి వస్తూ, చెట్టెక్కడ అని అడిగానట. మర్నాడు ఆయన ఆ కథను రెండు రకాలుగా చెప్పారు. విష్ణుపురాణంలో సత్యభామ కృష్ణుడితో కలిసి గరుత్మంతుడి మీద స్వర్గానికి వెళ్ళి, నందనవనంలో చెట్టును కళ్ళారా చూసి, మన పెరట్లో ఎందుకు ఉండకూడదని అడుగుతుంది. కృష్ణదేవరాయల కొలువులోని నంది తిమ్మన కావ్యంలోనైతే నారదుడు తెచ్చిన ఒక్క పువ్వును కృష్ణుడు రుక్మిణికి ఇవ్వడం, ఆ కబురు సత్యకు చేరడం, ఆవిడ అలక, అక్కడి నుంచి కథ. రెండింటిలోనూ చివరికి ఇంద్రుడితో యుద్ధం చేసి, చెట్టును పెకలించి తెచ్చి, సత్యభామ పెరట్లో నాటుతాడు.

నాయనమ్మకు ఈ రెండింటి కంటే ఊళ్ళో చెప్పుకునే మూడో కథ ఇష్టం. చెట్టు సత్యభామ పెరట్లోనే నాటినా, పూలు మాత్రం గోడ అవతల రుక్మిణి వాకిట్లో రాలిపడేవట. మా చెట్టు కొమ్మ ఒకటి కూడా పక్కింటి గోడ మీదుగా అటు వంగి ఉండేది. పక్కింటి అత్తయ్య రోజూ అటువైపు రాలిన పూలు ఏరుకునేది. ఒకసారి కొమ్మలు కొట్టేవాడు వచ్చినప్పుడు మా చిన్నాన్న ఆ కొమ్మను తీయించబోతే నాయనమ్మ అడ్డం వెళ్ళి నిలబడింది. "సత్యభామకు లేని బాధ నీకెందుకురా" అన్నది.

బడిలో చేర్చినప్పుడు నా పేరుకు మొదటి దెబ్బ తగిలింది. రిజిస్టరులో ఎవరో 'పరిజాతం' అని రాశారు. పదేళ్ళ పాటు అది ఎవరి కంటా పడలేదు. 1977లో పదో తరగతి పరీక్షకు వివరాలు పంపేటప్పుడు ఆ కాగితం ఇంటికి వచ్చింది. తాతయ్య కళ్ళజోడు సవరించుకుని దాన్ని చూసి, మాట్లాడకుండా ఉత్తరీయం భుజాన వేసుకుని ఎండలో రెండు మైళ్ళు నడిచి బడికి వెళ్ళారు. అక్కడ ఆయనతో, ఒక్క దీర్ఘమే కదా పండితులుగారూ, ఇంగ్లీషులో రాస్తే ఎలాగూ తేడా తెలియదు కదా అన్నారట. సాయంత్రం ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, చెప్పులు కూడా విప్పకుండా, "ఆ దీర్ఘం తీసేస్తే సముద్రమే పోతుంది. ఇంకేం మిగిలింది" అని నాన్నతో అన్నారు. ఆయన గొంతు వణకడం నేను వినడం అదే మొదటిసారి. మూడుసార్లు తిరిగి మొత్తానికి దీర్ఘం పెట్టించారు. ఇంగ్లీషు అక్షరాల్లో తకారం పక్కన హెచ్ ఉండాలా వద్దా అన్న తగువు మాత్రం నా బ్యాంకు పుస్తకానికీ పాస్‌పోర్టుకూ మధ్య ఇప్పటికీ సాగుతూనే ఉంది. దాన్ని తాతయ్య చూడలేదు.

ఆ ఏడాదే నవంబరు 19న ఉప్పెన వచ్చింది. కార్తీకమాసం. నేను బందరులో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతూ, శనివారం కావడంతో ముందు రోజే ఇంటికి వచ్చాను. మా ఊరి దాకా నీళ్ళు రాలేదు, గాలి మాత్రం వచ్చింది. అది గాలిలా లేదు, ఇంటిని ఎవరో భుజంతో నెడుతున్నట్టు ఉండేది. పెంకులు లేచిపోతున్న చప్పుడు మధ్య పెరట్లో ఏదో విరిగిన చప్పుడు విన్నాం. తలుపు తీయడానికి ధైర్యం చాలలేదు. తెల్లవారాక చూస్తే నూతి పక్కన పారిజాతం నడుమెత్తున చీలి, కొమ్మలన్నీ నూతి మీదుగా పడి ఉన్నాయి. విరిగిన కొమ్మలకు ఇంకా మొగ్గలున్నాయి. నాయనమ్మ చెట్టు వైపు చూసి, వెంటనే దక్షిణం వైపుకు, దివిసీమ వైపుకు తిరిగి నిలబడింది.

కబురు రావడానికి మూడు రోజులు పట్టింది. నాన్నా చిన్నాన్నా బురదలో నడిచి, దొరికిన చోట పడవ ఎక్కి వెళ్ళివచ్చారు. తాటిచెట్టంత అల వచ్చిందని బతికిన వాళ్ళు చెప్పారట. వేలాది మనుషులు పోయారు, పశువుల లెక్క లేనే లేదు. నాయనమ్మ తమ్ముడూ, మరదలూ, వాళ్ళ చిన్న కొడుకూ లేరు. ఇంటి చోట ఇసుక ఉంది. ఇల్లు ఫలానా చోట ఉండేదని గుర్తు పట్టడానికి నూతి ఒర ఒక్కటే మిగిలిందని నాన్న అన్నారు. ఆ నూతి పక్కన ఉండే పెద్ద పగడమల్లె, మా చెట్టుకు తల్లి, ఏమైందో ఎవరూ అడగలేదు, నాన్నా చెప్పలేదు.

ఆ తరువాత మా ఇంట్లో సముద్రం అన్న మాట వినపడలేదు. ఎవరూ వద్దని అనలేదు, అయినా అందరం మానేశాం. తాతయ్య పేర్లు విప్పి చెప్పే రాత్రుళ్ళు కొంతకాలం ఆగిపోయి, మళ్ళీ మొదలైనప్పుడు నా పేరు దగ్గర ఆయన దారి మార్చుకున్నారు. ఐదు దేవతల చెట్లు, నందనవనం, సత్యభామ, ఇవే చెప్పేవారు. పారి అన్న రెండక్షరాలనూ విప్పేవారు కాదు. మూడుసార్లు బడికి నడిచి నిలబెట్టిన సముద్రాన్ని ఆయనే పక్కన పెట్టేశారు. కొత్తగా పుట్టిన మా తమ్ముడి వరస పిల్లలు ఆ కథను అలాగే, మధ్యలో ఖాళీతో విన్నారు.

మొద్దును నాన్న తవ్వించబోతే, ఉండనివ్వమని తాతయ్యే అన్నారు. నాయనమ్మ అటువైపు వెళ్ళడం మానేసింది. నూతి నీళ్ళు వేరే వైపుకు పోయేవి. 1978 వానాకాలం మొదట్లో ఒక ఉదయం తాతయ్య ఆ మొద్దు దగ్గర వంగి చాలాసేపు నిలబడి ఉండడం చూశాను. బెరడు పగిలిన చోట నాలుగు చిగుళ్ళు వచ్చాయి. పారిజాతం లేత కొమ్మ గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది. ఆకు పై వైపు గరుకుగా ఉంటుంది, చిన్నప్పుడు ఆ ఆకులతో గోళ్ళు రుద్దుకునేవాళ్ళం. ఆ చిగుళ్ళకు అప్పటికే ఆ గరుకు వచ్చేసింది. తాతయ్య ఎవరినీ పిలవలేదు. వారం రోజుల తరువాత చూస్తే నూతి నుంచి వచ్చే కాలువ మళ్ళీ పాత పాదు వైపుకు తిరిగి ఉంది. మట్టి మీద చేతివేళ్ళ గుర్తులు చిన్నవి. అవి నాయనమ్మవే.

డిగ్రీలో నేను వృక్షశాస్త్రం తీసుకున్నాను. ఈ చెట్టు దగ్గర పెరగకపోయి ఉంటే తీసుకునేదాన్ని కాదేమో. అక్కడ నా చెట్టుకు మరో పేరు ఉందని తెలిసింది. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దానికి నిక్టాంథస్ ఆర్బర్-ట్రిస్టిస్ అని పేరు పెట్టాడు. మొదటి మాట గ్రీకు, రాత్రి పువ్వు అని అర్థం. తరువాతి రెండు మాటలూ లాటిన్, దుఃఖవృక్షం అని అర్థం. పగలంతా పూలు లేక చిన్నబోయినట్టు కనిపిస్తుందని ఆ పేరు. సూర్యుణ్ణి ప్రేమించి, కాదనిపించుకుని, అగ్నిలో పడి బూడిదైన రాకుమార్తె చెట్టుగా మొలిచిందనీ, అందుకే ఆయన ముఖం చూడకుండా తెల్లవారేలోగా పూలన్నీ రాల్చేస్తుందనీ ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. ఉప్పెన జరిగి రెండేళ్ళే అయింది. దుఃఖవృక్షం అన్న మాట నోటు పుస్తకంలో రాసుకుని, దాన్ని ఇంట్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇంకో సంగతి మాత్రం తాతయ్యను అడిగాను. సంస్కృతంలో పారిజాతమని పిలిచిన చెట్టు మన పెరట్లోది కాదనీ, పగడాల వంటి ఎర్రపూలు పూసే ముళ్ళచెట్టు అనీ మా అధ్యాపకులు చెప్పారు. బెంగాలు వాళ్ళు శివులి అని పిలుచుకునే మన పువ్వుకు సంస్కృతంలో శేఫాలిక అని పేరట. నా పేరు నాది కాకుండా పోతుందేమోనని నిజంగానే భయం వేసింది. తాతయ్య తొణకలేదు. లోపలికి వెళ్ళి అమరం తెచ్చి, మొక్కల పేర్లుండే వనౌషధివర్గంలో "పారిభద్రే నింబతరుర్మందారః పారిజాతకః" అని ఆ ముళ్ళచెట్టుకే పారిజాతమన్న పేరు చెప్పిన చోటు తీసి చూపించారు. ఆయనకు అది నేను పుట్టకముందు నుంచే తెలుసు. "స్వర్గవర్గంలో ఒకసారి, ఇక్కడ ఒకసారి వచ్చింది. దేవతల చెట్టును చూసొచ్చిన వాళ్ళు ఎవరున్నారు? ఎవరికి ఏ చెట్టు అలా కనిపిస్తే దానికి ఆ పేరు పెట్టుకున్నారు. మన వాళ్ళకు ఇది కనిపించింది" అన్నారు. ఆ మాట ఎంత నిజమో చాలా ఏళ్ళకు ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లా కింతూరులో పారిజాతమని పూజించే చెట్టు గురించి చదివినప్పుడు తెలిసింది. అది ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్ జాతి మహావృక్షం. మా నూతి పక్కదానికీ దానికీ ఏ పోలికా లేదు. అక్కడివారు దాని గురించి చెప్పుకునే కథల్లో మాత్రం కృష్ణుడి కథ కూడా ఉంది.

1985లో నా కూతురు మా పుట్టింట్లోనే పుట్టింది. భాద్రపదం చివర. మొద్దు నుంచి లేచిన నాలుగు చిగుళ్ళలో రెండు బలపడి, పాత చెట్టంత ఎత్తుకు వచ్చాయి. ఇప్పుడది ఒకే మొదలు నుంచి రెండు మానులుగా కనిపిస్తుంది. గోడ అవతలికి మళ్ళీ ఒక కొమ్మ వెళ్ళింది. నాయనమ్మకు మోకాళ్ళ నొప్పులు వచ్చి, ఆ చెట్టు ఆకులే దంచి కషాయం పెట్టుకుని, చేదుకు ముఖం చిట్లిస్తూ తాగేది. పొద్దున్నే వంగి పూలు ఏరడం ఆవిడ వల్ల కాక, అమ్మ ఏరి సజ్జ తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టేది. దారంలోకి జొప్పించే పని మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు.

బారసాల నాడు మా అత్తగారి వైపు బంధువులు చాలామంది వచ్చారు. బియ్యం పళ్ళెం, ఉంగరం, పీటలు అన్నీ నా బారసాల నాటివే. పాప పేరు రాయడం అయ్యాక, భోజనాలకు ముందు అందరూ నడవలో కూర్చున్నప్పుడు, మా అత్తగారు తాతయ్యను అడిగారు. "బాబాయిగారూ, కోడలి పేరు పువ్వు పేరని తెలుసు గానీ, అసలు పారిజాతమంటే అర్థం ఏమిటండీ?" తాతయ్యకు అప్పటికి డెబ్బై తొమ్మిదేళ్ళు. చూపు తగ్గింది. ఆయన వంటింటి గడప వైపు ఒకసారి తల తిప్పి, మళ్ళీ ఇటు తిరిగి, "దేవతల చెట్టమ్మా. ఇంద్రుడి నందనవనంలో ఉండే ఐదు చెట్లలో ఒకటి. కృష్ణుడు సత్యభామ కోసం..." అని మొదలుపెట్టారు. మేమందరం ఎనిమిదేళ్ళుగా వింటున్న దారే.

నాయనమ్మ గడప దగ్గర పీట మీద కూర్చుని, ఒళ్ళో సజ్జ పెట్టుకుని పూలు గుచ్చుతున్నది. తల ఎత్తలేదు. సూదిని ఒక పువ్వులోంచి లాగి, దారం పూర్తిగా వచ్చేవరకూ ఆగింది.

"అది తరువాతి మాట కదా," అన్నది. "ముందు పారి అంటే ఏమిటో చెప్పరేం? అమ్మాయి అడుగుతుంటే."

నడవలో అందరూ ఊరుకున్నారు. మా అత్తగారికి ఏమీ అర్థం కాలేదు. తాతయ్య చేతికర్ర రెండు చేతులతో పట్టుకుని కాసేపు కూర్చున్నారు. తరువాత గొంతు సవరించుకున్నారు.

"పారం అంటే ఒడ్డమ్మా" అన్నారు.

ఒక్కొక్క మెట్టూ దిగుతున్నట్టు, ఆగి ఆగి, చివరిదాకా చెప్పారు. నాయనమ్మ సజ్జలోంచి మరో పువ్వు తీసుకుంది.